బుల్లిబాబు డ్యూటీ

హౌస్ సర్జన్ల క్వార్టర్స్,
4 మార్చి 1979

వదినా,

ముందుగా నీ ప్రశ్నలకు జవాబులు. అవును, తెల్లకోటు ఇచ్చారు. లేదు, అది వేసుకుని ఫొటో దిగలేదు. అవును, ముసలివాళ్ళు కూడా నన్ను ‘డాక్టరమ్మా’ అంటున్నారు. వెనక ఎవరున్నారా అని తిరిగి చూస్తున్నాను.

పరీక్షలు గట్టెక్కితే చదువు అయిపోయినట్టేనని నువ్వూ అన్నయ్యా అనుకున్నారు గానీ, ఈ ఏడాదంతా ఆస్పత్రిలో చాకిరీ చేస్తేనే పట్టా చేతికొస్తుంది. నన్ను మొదట కాన్పుల వార్డులో వేశారు. కేసు షీట్లు రాసేది మేమే, రక్తం కోసం పరిగెత్తేది మేమే, ట్రాలీ నెట్టేవాడు రాకపోతే నెట్టేదీ మేమే. ఈరోజు పొద్దున లోపలికెళ్తే రేపు సాయంత్రానికి బయటపడతాం. అయినా బాగుంది. నిన్న ఒక బిడ్డ నా చేతుల్లోకే పుట్టి నా మీదే ఉచ్చపోసింది.

నా గదిలో ఉండేది కన్యకాపరమేశ్వరి. మీ పుట్టింటివైపు, జగ్గయ్యపేట పిల్లే, వాళ్ళ నాన్నగారికి బట్టల కొట్టు ఉంది. మా యూనిట్‌లోనే బుల్లిబాబు అని ఒకడున్నాడు, కంచికచర్ల వాడు. అసలు పేరు ఇంకేదో పొడుగ్గా ఉంది, పిలిస్తే వాడే పలకడు. నాకోసం ఫ్లాస్కులో కాఫీ దాచి ఉంచుతాడు. నేను దిగులుగా కనబడితే, “ఏడవమాక. నందిగామోళ్ళు ఏడిస్తే పక్కూరోళ్ళం, మా పరువు కూడా పోద్ది” అంటాడు.

అన్నయ్యను ఎండలో తిరగొద్దని చెప్పు.

నీ రాణి


నందిగామ,
13 మార్చి 1979

డాక్టరమ్మా,

నీ ఉత్తరం మీ అన్నయ్యకి రెండుసార్లు చదివి వినిపించా. ఆయనకి చదువు రాక కాదు, నేను చదివితే నువ్వు మాట్లాడినట్టే ఉంటదంట. ఉచ్చ ముక్క దగ్గర నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు.

కల్లంలో మిరపకాయలు ఎండబోశాం. ఇల్లంతా ఘాటు. ఎక్కడన్నా అక్షరం వంకర పోతే తుమ్మొచ్చిందనుకో. కూలీలందరికీ వంటలు, పైగా ఎప్పుడు మబ్బేస్తుందోనని ఆకాశంకేసి చూపులు. పనంటే ఎవరికైనా మొదట్లో అట్టాగే ఉంటది రాణీ, ఒళ్ళు అలవాటుపడిపోద్ది. నేను కొత్తగా కాపరానికొచ్చినప్పుడు చెయ్యలా? అప్పటికి మీ అమ్మగారు పోయి ఏడాదైనా కాలా. నీకు జడెయ్యటంతో మొదలయ్యేది నా రోజు.

ఇంతకీ ఆ బుల్లిబాబు ఎవరు? మనోళ్ళేనా? కాఫీ దాచిపెట్టే మగపిల్లాడు ఊరికే దాచిపెడతాడా? ఆ ముక్క మీ అన్నయ్యకి చదవలేదులే, దాటేసా.

బస్సు డ్రైవరు చేత కందిపొడి పంపుతున్నా. పరమేశ్వరికీ పెట్టు.

మీ వదిన సీతారావమ్మ


క్వార్టర్స్,
22 ఏప్రిల్ 1979

వదినా,

కందిపొడి అందింది. నిన్న మెస్సులో అదే కలుపుకుంటూ కంచం ముందు నిద్రపోయానట. పరమేశ్వరి నన్ను లేపి చెయ్యి కడిగించింది.

మొదటి వారంలో ఒక బిడ్డ పోతే మెట్ల కింద నిలబడి ఏడ్చాను. ఇప్పుడు ఎవరైనా పోతే కాగితం మీద టైము రాసి పక్క మంచం దగ్గరికి వెళ్తున్నాను. ‘గట్టిపడ్డావు, ఇక పనికొస్తావు’ అన్నారు సీనియర్లు. వాళ్ళు మెచ్చుకుంటుంటే నాకు భయం వేసింది. భయం కూడా ఎక్కడో దూరంగా, వేరేవాళ్ళకు వేసినట్టు.

బుల్లిబాబు కూడా జోకులు మానేశాడు. మొన్న మెట్ల మీద కూర్చుని, “రాణీ, ఒక్కసారి పడుకుంటే ఇంకెవరూ లేపకూడదు” అన్నాడు. అందరం నవ్వాం. అది అందరికీ ఉన్న కోరికే కదా.

అలవాటవుతుందన్నావు. అవుతుందేమో.

రాణి


నందిగామ,
6 మే 1979

రాణీ,

కొంప మునిగింది. నీ ఉత్తరం ఈసారి మీ అన్నయ్యే విప్పాడు. మొదటి ముక్కలన్నీ బానే చదివి బుల్లిబాబు దగ్గర ఆగిపోయాడు. “వాడు మనమ్మాయిని పేరెట్టి పిలుస్తాడా? మెట్ల మీద ఇద్దరూ కూర్చుంటారా?” అన్నాడు. “అందరం అని రాసిందిగా” అన్నా. వినలా. ఆయన కోపం నీకు తెలుసుగా, అరవడు, అన్నం మానేస్తాడు. నిన్న పొద్దుట్నించీ మజ్జిగ మీదే ఉన్నాడు.

నీ మీద నాకు అనుమానం లేదు. కానీ రెడ్డిగూడెం నుంచి ఒక సంబంధం వచ్చింది. కుర్రాడు ఇంజినీరు, నెమ్మదస్తుడు. ఈ టైములో మన మీద మాట రాకూడదు. నా మీద ఒట్టేసి ఆ అబ్బాయిని ఇక కలవనని ఒక్క ముక్క రాయి. చాలు.

నిద్ర సంగతి రాశావు. పనిలో పడి తిండి మానమాక.

మీ వదిన


క్వార్టర్స్,
19 మే 1979

వదినకు,

నీ ఉత్తరం అందింది. బుల్లిబాబును ఇక కలవను. అన్నయ్యను అన్నం తినమను. నాకు డ్యూటీలు పెరిగాయి.

రాణి


నందిగామ,
27 మే 1979

బంగారు రాణికి,

నీ కార్డు చూసిన పూటే మీ అన్నయ్య పీట వేసుకుని కూర్చున్నాడు. “నా చెల్లెలు మాటంటే మాటే” అన్నాడు. నా గుండెల మీంచి బరువు దిగింది. ఇంక ఆ అబ్బాయి ప్రస్తావన మన మధ్య రాదు.

ఇప్పుడు నా మాట. ఇంకా ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు, నీకే ముందు. నాకు మూడో నెల. పోయినసారి నిలవలేదని ఎంత ఏడ్చానో నీకు తెలుసు. ఈసారి వాంతులు కూడా సంతోషంగానే ఉన్నయ్. పురిటికి జగ్గయ్యపేట పుట్టింటికి పోతాననుకో, అయినా నొప్పులొచ్చేసరికి నువ్వుండాలి. నీ చేతులమీదుగానే పుట్టాలి. “మా ఆడపడుచు డాక్టరు, ఆవిడే పురుడు పోసింది” అని నేను చెప్పుకోవద్దూ?

ఏం తినాలో, ఏం తినకూడదో వివరంగా రాయి. మా అమ్మ రాఘవమ్మ బొప్పాయి దగ్గర మొదలెట్టి అన్నీ వద్దంటోంది.

మీ వదిన


క్వార్టర్స్,
10 జూన్ 1979

వదినా,

నా దగ్గరికి రావద్దు. నేనూ రాను. జగ్గయ్యపేటలో పెద్ద నర్సుంటే ఆవిడతో పురుడు పోయించుకో, లేకపోతే బెజవాడలో మంచి డాక్టరును చూసుకో. నా చేతులమీదుగా మాత్రం వద్దు.

ఎన్నో నెలో నాకు రాయకు. పొద్దస్తమానం వార్డులో అవే చూస్తున్నాను. విసిగిపోయాను. రెడ్డిగూడెం వాళ్ళకు కూడా ఏదో ఒకటి చెప్పి పంపించేయండి.

రాణి


నందిగామ,
18 జూన్ 1979

డాక్టర్ ప్రమీలారాణిగారికి,

నందిగామలో ఉండే సీతారావమ్మ నమస్కరించి రాస్తున్నది.

కడుపు పండిందని చెప్తే విసుగొచ్చిందన్న ఆడపిల్లని ఇప్పుడే చూశా. నేను పదో తరగతి తప్పినదాన్ని, నాకు పురుడు పొయ్యటం మీ హోదాకి తక్కువైతే ఆ మాటే రాయొచ్చు. నాకు తెలుసు ఇది దేని గురించో. ఆ అబ్బాయిని మాన్పించానని కక్ష. ఉంటే నా మీద పెట్టుకో. పుట్టని బిడ్డ మీదా?

ఈ ఉత్తరం మీ అన్నయ్యకి చూపించలా. చూపిస్తే మళ్ళీ అన్నం మానేస్తాడు.

ఇంక నేను రాయను. మీకు విసుగు లేనప్పుడు మీరే రాయండి.

సీతారావమ్మ


జగ్గయ్యపేట,
23 సెప్టెంబరు 1979

రాణీ, అమ్మా,

ఇది పోస్టులో వెయ్యటంలా. మీ అన్నయ్య చేతికిస్తున్నా. ఆయన నీ ఎదురుగా నిలబడి ఉండగా చదువుతుంటావు.

పరమేశ్వరి సెలవుకొచ్చి నిన్న మా ఇంటికొచ్చింది. నేను నిష్ఠూరంగానే, “మా డాక్టరుగారు బావున్నారా?” అన్నా. ఆ పిల్ల గుమ్మంలోనే నిలబడిపోయి, “అక్కా, రాణి మీకేం రాయలేదా అండి?” అంది.

“ఏం రాస్తది? మేం రాస్తే విసుగంట.”

“బుల్లిబాబు పోయాడండి.”

“ఎక్కడికి?” అన్నా.

రాణీ, నేను ‘ఎక్కడికి’ అని అడిగా.

అప్పుడు కూర్చుని అంతా చెప్పింది. మే నెల మొదట్లో తన గదిలోనే, తన ప్రాణం తనే తీసుకున్నాడంట. ఆస్పత్రివాళ్ళు గుండెపోటని రాశారంట. “మర్నాడు పొద్దునే డ్యూటీ చార్టులో వాడి పేరు కొట్టేసి రాణి పేరు రాశారక్కా. ఏడ్వటానిక్కూడా టైమివ్వలా. వాడి డ్యూటీలు, తన డ్యూటీలు, రెండూ తనే చేసింది. ఇప్పుడు అన్నం తినట్లేదు. స్నానం చేసొచ్చి తల తుడుచుకోకుండా మంచం మీద కూర్చుంటది. పిలిస్తే పక్కనోళ్ళని పిలిచినట్టు చూస్తది. ఒక్కదాన్నే వదిలి రావాలంటే భయమేసి నర్సమ్మని కూర్చోబెట్టి వచ్చా” అంది.

‘బుల్లిబాబును ఇక కలవను’ అని నువ్వు రాస్తే నేను సంతోషపడ్డా. మీ అన్నయ్య ఆ పూట రెండోసారి వడ్డించుకున్నాడు. నువ్వా కార్డు ఎట్టా రాశావో! ఆ తర్వాత నేను రాసిందో! ఇన్ని నెల్లు నిన్ను ఒంటరిదాన్ని చేసి ఇక్కడ సున్నుండలు తింటూ కూర్చున్నా.

మీ అన్నయ్యకి కబురంపితే వచ్చాడు. చెప్పా. కూర్చున్నవాడు లేచి మళ్ళీ చెప్పులేసుకున్నాడు.

నాకు ఏడో నెల, అమ్మ గడప దాటనివ్వట్లా. లేకపోతే నేనే వద్దును. ఆయనతో వచ్చెయ్యి. ఆయన ఏం అడగడు. నేనూ అడగను.

వదిన


నందిగామ,
7 అక్టోబరు 1979

వదినా,

నువ్వు లేని నీ ఇంట్లో ఉన్నాను.

అన్నయ్య గదిలోకొచ్చి, “పదమ్మా, పోదాం” అన్నాడు. పెట్టె తనే మోశాడు. బుల్లిబాబు వాళ్ళ కంచికచర్లలో బస్సు ఆగినప్పుడు నేను తల కిందికి దించుకుంటే, కిటికీకి అడ్డంగా తన తువ్వాలు పట్టుకున్నాడు. ఎందుకని అడగలేదు. ఇంటికొచ్చాక రోజంతా పడుకుంటున్నాను, అయినా అలసట పోవటం లేదు. అన్నయ్య అన్నం వండుతున్నాడు. ఒకసారి మెత్తగా, ఒకసారి పలుకుగా. తినేదాకా ఎదురుగా కూర్చుంటాడు.

అడగనన్నావు కాబట్టి చెప్తున్నాను. బుల్లిబాబు పోయిన నెలలోనే, వాడి డ్యూటీలో ఉండగా, ఒక బాలింతకు రక్తస్రావం ఆగలేదు. నన్ను బ్లడ్ బ్యాంకుకు పంపారు. మధ్యాహ్నం. సీసా సిద్ధమయ్యేదాకా కూర్చోమన్నారు. బెంచీ మీద కూర్చున్నాను. అంతే వదినా. కూర్చున్నాను. ఎవరో భుజం పట్టి ఊపితే లేచి సీసా పట్టుకుని పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి దుప్పటి ముఖం మీదికి లాగేసి ఉంది. మా యూనిట్ చీఫ్‌గారు వార్డులో అందరి ముందూ, “నిద్రపోవడానికొచ్చావా ఇక్కడికి?” అన్నారు. అప్పటికే ఆలస్యమైందనీ, రక్తం ముందే వచ్చినా దక్కేది కాదనీ పరమేశ్వరి అంటుంది. కావచ్చు. కాకపోవచ్చు. అది నాకు ఎప్పటికీ తెలియదు.

ఆ తర్వాత నీ ఉత్తరం వచ్చింది, మూడో నెల అని. అందుకే వద్దన్నాను. నువ్వు తక్కువని కాదు.

ఒకటి అడగాలి. నాకు ఒంట్లో కాదు, మనసులో జబ్బు చేసిందనిపిస్తోంది. వేరేవాళ్ళలో చూస్తే నేనే గుర్తుపట్టి పంపించేదాన్ని. బెజవాడలో మనసుకు వైద్యం చేసే డాక్టరున్నారు. వెళ్ళనా?

రాణి


జగ్గయ్యపేట,
14 అక్టోబరు 1979

రాణీ,

నీ ఉత్తరం చదివి నీ తప్పేం లేదని నాకు నేనే గట్టిగా చెప్పుకున్నా. నీకు ఎదురుగా చెప్పాల్సింది.

కానీ పిచ్చి డాక్టరు దగ్గరికా? వద్దమ్మా. నీకేం పిచ్చి? నీరసం, అంతే. ఒక్కసారి ఆ మెట్లెక్కితే జన్మంతా ఆ పేరు పోదు. రెడ్డిగూడెం వాళ్ళు ఇంకా కబురు చేస్తూనే ఉన్నారు, వాళ్ళ చెవిన పడితే? నేను వేదాద్రి నరసింహస్వామికి మొక్కుకున్నా. మీ అన్నయ్యతో వెళ్ళి కృష్ణలో స్నానం చేసి దర్శనం చేసుకో. ఆ గాలికే సగం తేరుకుంటావు. పాలు తాగు.

వదిన


నందిగామ,
4 నవంబరు 1979

వదినా,

వేదాద్రి వెళ్ళాం. నువ్వు మొక్కావని అన్నయ్య బయల్దేరదీశాడు. స్నానం చేశాను, దర్శనం చేసుకున్నాను. రేవులో మెట్ల మీద తడి బట్టలు ఆరబెట్టుకుంటూ కూర్చున్నప్పుడు, అన్నయ్యకు మొత్తం చెప్పాను. నీకు రాయనిది కూడా. కొన్ని రోజులు నాకు కూడా బుల్లిబాబు దారే మేలనిపించిందని.

అన్నయ్య, “మన ఎర్రగిత్త అరకలో కూలబడిన రోజు గుర్తుందా?” అన్నాడు.

“గుర్తుంది.”

“అందరూ ములుగర్రతో పొడువు, లేస్తది అన్నారు. నేనేం చేశా?”

“కాడి తీశావు.”

“కాడి తీసి, పశువుల డాక్టరుని పిలుచుకొచ్చా. గిత్తకి పిలిచినోణ్ణి, నా చెల్లెలికి పిలవనా?”

మర్నాడే బెజవాడ తీసుకెళ్ళాడు. నువ్వు వద్దన్నావని చెప్పాను. “మీ వదినకి నేను చెప్పుకుంటాలే” అన్నాడు. ఆ డాక్టరుగారు నా మాటలు విన్నారు, తొందరపెట్టలేదు. ఇది నీరసం కాదు, పిచ్చీ కాదు, జబ్బు అన్నారు. నయమవుతుంది, నెమ్మదిగా అన్నారు. మాత్రలు ఇచ్చారు, సెలవుకు కాగితం రాసిచ్చారు. నోరు ఎండిపోతోంది, చేతులు కొంచెం వణుకుతున్నాయి. అయితే నిన్న నీ బావి గట్టున కూర్చుని ఏడ్చాను. చాలా నెలల తర్వాత ఏడుపొచ్చింది.

నీ మాట కాదన్నందుకు కోపమా?

రాణి


జగ్గయ్యపేట,
12 నవంబరు 1979

రాణీ,

కోపమే. మొదటి రోజు. రెండో రోజు నీ ఉత్తరంలో ఆ ముక్క, బుల్లిబాబు దారి అన్న ముక్క, మళ్ళీ చదివా. నువ్వు ఉండటం కన్నా నాకు ఏ సంబంధం కావాలి? రెడ్డిగూడెం వాళ్ళకి మా నాన్న చేత వద్దని చెప్పించేసా. మాత్రలు మానమాక.

నాకు పైనెల మొదట్లోనే అంటున్నారు. డాక్టరుగా రావద్దు. ఏం ముట్టుకోవద్దు, ఏం చూడొద్దు. మా ఆడపడుచుగా ఊరికే వచ్చి కూర్చో. రాలేకపోయినా నేనేమీ అనుకోను. ఈసారి నిజంగానే అనుకోను.

వదిన


జగ్గయ్యపేట,
6 జనవరి 1980

రాణమ్మకి,

పాప పక్కలో ఉంది, ఒక చేత్తో రాస్తున్నా. పురిటి రోజు సంగతి నీకు తెలియదు, నువ్వు నిద్రపోయావు. అందుకని చెప్తున్నా.

నువ్వొచ్చేసరికే పాప పుట్టేసింది. నువ్వు ఆస్పత్రి గుమ్మంలో నిలబడి లోపలికి రాలా. నర్సుని, “రక్తం ఎక్కువ పోయిందా అండి?” అని అడిగావు. లేదంది. మళ్ళీ అడిగావు. ఆవిడ విసుక్కుంటూ, “మీరే వచ్చి చూసుకోండి, బానే ఉన్నారు” అంది. అప్పుడొచ్చి నా మణికట్టు పట్టుకుని నాడి చూశావు. ఏం ముట్టుకోవద్దన్నా కదా, అయినా చూశావు. నేను నీకేసి చూస్తూ పడుకున్నా. “జరుగు వదినా” అని నా మంచం మీదే ఒరిగావు. ఒరిగిన దానివి ఒరిగినట్టే నిద్ర.

పాప గుక్కపట్టి ఏడ్చింది, నువ్వు లేవలా. ఆయా వచ్చి, “బాలింతరాలు ఎవరు, నువ్వా ఆమా?” అని గొడవ. మీ అన్నయ్య గొంతు పెంచటం నువ్వెప్పుడూ విని ఉండవు, ఆరోజు అరిచాడు. “ఆ పిల్లని ఎవరన్నా లేపారంటే ఊరుకోను” అని. వార్డంతా గప్‌చిప్. నేను మంచం పట్టె మీద పడుకుని ఆ మధ్యాహ్నమంతా పాపనీ నిన్నూ చూసుకున్నా. నా ఒళ్ళంతా పుండే, అయినా అంత బావున్న పూట నాకు గుర్తులేదు.

ఆస్పత్రికి మళ్ళీ వెళ్తానంటున్నావంట. వెళ్తే వెళ్ళు. వెళ్ళకపోయినా ఇల్లుంది.

వదిన


క్వార్టర్స్,
17 ఫిబ్రవరి 1980

వదినా,

చేరాను. పోయిన నెలలన్నీ మళ్ళీ చెయ్యాలి. నా బ్యాచ్ వాళ్ళు చాలామంది వెళ్ళిపోతున్నారు, పరమేశ్వరి కూడా పెట్టె సర్దుకుంటోంది. కొత్తవాళ్ళకు నేనెవరో తెలియదు. మెస్సులో ఒక్కదాన్నే తింటున్నాను. మాత్రలు పరమేశ్వరి ఎదురుగా వేసుకున్నాను, దాచలేదు.

చీఫ్‌గారి గదికి వెళ్ళి, వరసగా రెండు డ్యూటీలు చెయ్యలేనని చెప్పాను. “చెయ్యలేనివాళ్ళు ఈ చదువుకు రాకూడదు” అన్నారు. “చదువుతానండి. రెండు డ్యూటీలు మాత్రం చెయ్యను” అన్నాను. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. రేపట్నుంచి కాన్పుల వార్డు. భయంగానే ఉంది. ఈసారి భయం నాకే వేస్తోంది, వేరేవాళ్ళకు కాదు.

ఇంకొకటి. దారిలో నేను కంచికచర్లలో దిగాను. అన్నయ్యకు నువ్వు చెప్పు.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. బుల్లిబాబు వాళ్ళమ్మ ఆదెమ్మగారు వాకిట్లో కందులు చెరుగుతున్నారు. వాడితో పనిచేశానని చెప్పాను. చేట పక్కన పెట్టి, చాప వేసి, మజ్జిగ ఇచ్చారు. ఆస్పత్రి నుంచి ఇంతవరకూ ఎవరూ రాలేదన్నారు.

“అందరూ గుండె అన్నారమ్మా. మావాడి గుండెకేం కాలేదు, నాకు తెలుసు. ఏవన్నా తప్పు చేశాడా?”

“లేదండి. మా అందరికన్నా బాగా పనిచేసేవాడు.”

“ఎవరన్నా ఏవన్నా అన్నారా?”

“అలిసిపోయాడండి. మేమందరం అలిసిపోయాం. వాడు ఇంకా ఎక్కువ అలిసిపోయాడు.”

ఆవిడకు కోపం లేదు. అర్థం చేసుకోవాలని చూస్తున్నారు.

“అలిసిపోతే ఇంటికొచ్చి పడుకోవచ్చుగా అమ్మా” అన్నారు.

ఇంటికొచ్చి పడుకోవచ్చని మాలో ఎవరికీ తోచలేదు వదినా.

రాణి